పొడవు సరిపోయినా టైమింగ్ కుదరని బెల్ట్: ఒక హైబ్రిడ్ ఇంజిన్ కేస్ స్టడీ

ఈ ఇంజిన్ నా దగ్గరికి వచ్చినప్పుడు నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పటి ఒత్తిడి) 9 బార్ దగ్గరే ఆగిపోతోంది. దీంట్లో వేసిన పిస్టన్లకీ క్యామ్‌లకీ (వాల్వులని తెరిచే కడ్డీలు) 12 దాకా రావాలి. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, తక్కువ ఆర్‌పీఎమ్‌లో పికప్ లేదు, పైకి వెళ్ళాక మాత్రం కాస్త ఊపందుకుంటుంది. రింగులు పోయాయని ఓనర్ అప్పటికే నిర్ణయించేసుకుని కొత్త రింగుల సెట్టు కూడా తెచ్చాడు.

నాలుగింటిలోనూ ఒకే అంకె వస్తే నా అనుమానం రింగుల మీదికి పోదు. రింగైనా వాల్వైనా పోతే సాధారణంగా ముందు ఒక సిలిండరో రెండో పడిపోతాయి గానీ నాలుగూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పడవు. లీక్‌డౌన్ టెస్ట్ చేశాను, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూశాను. నాలుగు సిలిండర్లూ గాలిని బాగానే పట్టి ఉంచుతున్నాయి. అంటే సీలింగ్ బాగుంది, గాలిని పట్టుకోవలసిన సమయానికి మాత్రం ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా తెరిచే ఉంటోంది. క్యామ్ వెనకబడింది.

ఇక్కడ హైబ్రిడ్ అంటే పెట్రోలు, కరెంటు కలిసి నడిచే బండి కాదు. ఒక ఇంజిన్ బ్లాక్ మీద వేరే ఇంజిన్ హెడ్ కూర్చోబెట్టడం. ఒకే కుటుంబానికి చెందిన రెండు ఇంజిన్లు ఇవి. చిన్నదానికి అల్యూమినియం బ్లాక్, మంచి 16 వాల్వుల ట్విన్ క్యామ్ హెడ్. పెద్దదానికి పొడవైన ఇనుప బ్లాక్, ఎక్కువ స్ట్రోక్, సాదా సింగిల్ క్యామ్ హెడ్. పెద్ద బ్లాక్ మీద చిన్నదాని హెడ్ పెడితే రెండింటి మేలూ ఒకచోటికి వస్తుంది. బోల్టులు, నీటి దారులు, ఆయిల్ దారులు అన్నీ కలుస్తాయి. ఒక్క టైమింగ్ బెల్ట్ దగ్గరే పేచీ, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి క్యామ్‌లని తిప్పే పళ్ళ బెల్ట్ దగ్గర. ఈ కలయిక ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు కాబట్టి దీని కోసమని చేసిన బెల్ట్ ఏ కేటలాగ్‌లోనూ ఉండదు.

ఈ పని కొత్తదేమీ కాదు. పళ్ళ బెల్టుతో క్యామ్ తిప్పిన తొలి కార్లలో ఒకటి 1950లలో అమెరికాలో బిల్ డెవిన్ తయారు చేసిన రేసు కారు. అదీ ఇలాంటి కలగలుపే: పాన్‌హార్డ్ కారు ఇంజిన్ మీద నార్టన్ మోటార్‌సైకిల్ హెడ్లు. 1962లో జర్మనీలో గ్లాస్ 1004 వచ్చాకే ఈ బెల్ట్ మామూలు జనం కొనే కార్లలోకి చేరింది. అందుకే ఇలాంటి ఇంజిన్ బెంచి మీదికి ఎక్కినప్పుడల్లా పాతవాళ్ళు ఆపిన చోట పని అందుకున్నట్టు ఉంటుంది నాకు.

కవర్ తీశాక కనిపించినవి

ప్లాస్టిక్ కవర్ లోపలి గోడ మీద ఒకచోట పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చార. బెల్ట్ వీపు ఊగి ఊగి తగిలిన చోటు అది. కింద క్రాంక్ పుల్లీ చుట్టూ కాటుకలాంటి మెత్తటి పొడి. వేలితో అద్ది చూస్తే రబ్బరు. బెల్ట్ పళ్ళకి ఒక పక్క గుడ్డ పొర అరిగి మెరుస్తోంది, రెండో పక్క కొత్తగానే ఉంది. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ చూస్తే దాని ముల్లు గీతని దాటి చివరి కొసలో ఆగి ఉంది. ఇంకా జరగడానికి దానికి చోటు లేదు.

ఒకటో సిలిండర్‌ని టీడీసీకి (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటుకి) తెచ్చి, క్రాంక్ కోణం చూపే డిగ్రీ వీల్, డయల్ గేజ్ పెట్టి ఇన్‌టేక్ క్యామ్ సెంటర్‌లైన్, అంటే ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే కోణం చూశాను. 110 డిగ్రీల దగ్గర ఉండాల్సింది 130 దగ్గర ఉంది. క్రాంక్ పుల్లీకి 24 పళ్ళు. ఒక పన్ను జారితే క్రాంక్ లెక్కలో 15 డిగ్రీలు. వదులుగా ఉన్న బెల్ట్ ఏదో ఒక చలి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక పన్ను దూకింది, అది స్పష్టం. దాన్ని ఒక పన్ను ముందుకి సరిచేసి మళ్ళీ చూస్తే 115. క్యామ్ ఇంకా 5 డిగ్రీలు వెనకబడే ఉంది.

అక్కడ మా కుర్రాడు అడిగాడు: "అన్నా, పన్ను సరిచేశాం కదా, బెల్ట్ కొత్తది వేసి బిగించేస్తే అయిపోదా? పొడవు సరిపోతోంది కదా."

వాడి ప్రశ్నలోనే అసలు తప్పు ఉంది. ఇంతకు ముందు కట్టిన మనిషి కూడా అలాగే అనుకుని ఉంటాడు. టైమింగ్ బెల్టుకి పొడవు అనేది ఒక ప్రశ్న కాదు, రెండు. మొత్తం చుట్టు ఎంత అన్నది ఒకటి. క్రాంక్ మార్కు నుంచి క్యామ్ మార్కు దాకా బిగుతు వైపు ఎంత అన్నది రెండోది. మొదటి దాంట్లో కాస్త తేడా వస్తే టెన్షనర్ సర్దుతుంది. రెండోదాన్ని సర్దడానికి అక్కడ ఏ భాగమూ లేదు. క్రాంక్ బెల్టుని లాగేది ఆ వైపునే కాబట్టి అక్కడ మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా అది నేరుగా క్యామ్ తిరిగే కోణంలోకి వెళ్ళిపోతుంది. ఆ 5 డిగ్రీలు అక్కడి నుంచే వచ్చాయి.

కొలత

ముందు ఎత్తు. పెద్ద బ్లాక్ చిన్నదానికంటే 13.8 మి.మీ. ఎత్తు. హెడ్‌ని ఫేసింగ్ చేసినప్పుడు (అడుగు చదునుగా చెక్కినప్పుడు) 0.3 తీశారు. కొత్త గాస్కెట్ బిగించాక పాతదానికంటే 0.1 మందం. అంతా కలిపితే క్యామ్‌లు తమ పాత ఇంట్లో కంటే 13.6 మి.మీ. పైన ఉన్నాయి. మెషినింగ్ అంతా పూర్తయ్యాక, వేయబోయే గాస్కెట్‌తోనే, హెడ్ బోల్టులు పూర్తి టార్క్‌కి బిగించాకే ఈ కొలత తీయాలి. ఈ ఇంజిన్‌లో హెడ్ ఎత్తు 0.1 మి.మీ. మారితే టైమింగ్ దాదాపు 0.2 డిగ్రీలు మారుతుంది. తర్వాత మళ్ళీ హెడ్ ఫేసింగ్ చేయిస్తే ఈ లెక్క అంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఓనర్ సన్నని దారం చుట్టి స్కేలు మీద కొలిచి నాకు ఒక అంకె చెప్పాడు. ఓపిగ్గానే కొలిచాడు, కానీ దారం పుల్లీ పళ్ళ కొసల మీద కూర్చుంటుంది. బెల్ట్ లోపలి గాజు పోగులు, అంటే బెల్ట్ నిజంగా పొడవు కొలుచుకునే గీత, ఆ కొసలకి 0.7 మి.మీ. దాకా పైన నడుస్తుంది. చుట్టు మొత్తానికి అది సుమారు 4 మి.మీ. తేడా అవుతుంది. పన్నుకీ పన్నుకీ మధ్య దూరం, అంటే పిచ్, 8 మి.మీ. ఉన్న బెల్టులో అది అర పన్ను.

నేను చేసేది వేరు. ఎలాగూ పారేయాల్సిందే కాబట్టి ఇంజిన్‌తో వచ్చిన పాత బెల్టునే పళ్ళ మధ్య లోయలో అడ్డంగా కోశాను. 144 పళ్ళ బెల్ట్ అది. ఒక కొస దగ్గరి పన్నుకి తెల్ల పెయింట్ చుక్క పెట్టి క్రాంక్ మార్కు దగ్గర మొదలుపెట్టి, బిగుతు వైపు నుంచి ఎగ్జాస్ట్ క్యామ్, ఇన్‌టేక్ క్యామ్, వాటర్ పంప్ చుట్టూ తిప్పాను. టెన్షనర్‌ని మధ్య స్థానంలో బిగించాను. రెండు కొసలూ కలిసే చోట ఒకదాని మీద ఒకటి 6 మి.మీ. పైగా ఎక్కాయి. వెర్నియర్‌లో 6.3. అంటే ఈ ఇంజిన్ అడుగుతున్నది 143 పళ్ళూ ఇంకో 1.7 మి.మీ. ఇంట్లో కూర్చుని గీసిన లెక్క కూడా దాదాపు అంతే చెప్పింది: చిన్న ఇంజిన్ సొంత బెల్ట్ 140 పళ్ళు, ఎత్తు వల్ల బిగుతు వైపు 13.3, వదులు వైపు 12.4 మి.మీ. పెరిగింది. రెండు వైపులా ఒకేలా పెరగకపోవడానికి కారణం బెల్ట్ నిటారుగా కాకుండా ఏటవాలుగా నడవడం.

తర్వాత బిగుతు వైపు లెక్క. చిన్న ఇంజిన్‌లో క్రాంక్ మార్కు నుంచి ఎగ్జాస్ట్ క్యామ్ మార్కు దాకా 41 పళ్ళు. ఇక్కడ 13.3 మి.మీ. పెరిగింది కాబట్టి 42.66 పళ్ళు కావాలి. పన్నులో భాగం ఎవరూ ఇవ్వరు. 42 పెడితే బెల్ట్ 5.3 మి.మీ. తక్కువై క్యామ్‌ని ముందుకి లాగుతుంది. ఈ క్యామ్ పుల్లీకి 48 పళ్ళు కాబట్టి అది క్రాంక్ లెక్కలో దాదాపు 10 డిగ్రీల అడ్వాన్స్. 43 పెడితే 2.7 మి.మీ. ఎక్కువై క్యామ్ 5 డిగ్రీలు వెనక్కి పోతుంది. డిగ్రీ వీల్ మీద నాకు మిగిలిపోయిన 5 డిగ్రీలు అవే. 43 పళ్ళ మీద పెట్టి, రెండు క్యామ్‌లనీ అడ్జస్టబుల్ పుల్లీలతో చెరి 2.5 క్యామ్ డిగ్రీలు ముందుకి తిప్పితే సరిపోతుంది. రెండు క్యామ్‌ల మధ్య దూరం హెడ్‌లోనే ఉంది కాబట్టి మారదు, రెండింటికీ ఒకే దిద్దుబాటు.

ఈ లెక్క చేతికి వచ్చాక నాకు ఒక ఊరట. ఏ బెల్ట్ దొరికినా, అది ఎన్ని పళ్ళదైనా, బిగుతు వైపు 43 అన్నది ఇక మారదు. మిగతా బాధ అంతా వదులు వైపుదే.

143 కోసం వెతుకులాట

143 అయితే టెన్షనర్ దాదాపు మధ్యలోనే కూర్చుంటుంది. వేరే కార్ల కోసం చేసిన బెల్టుల్లో వెతికితే ఆ లెక్కకి రెండు దొరికాయి.

మొదటిది చూడ్డానికి అచ్చం సరైనదే. 143 పళ్ళు, 8 మి.మీ. పిచ్, వెడల్పు 25. క్యామ్ పుల్లీ మీద సగం చుట్టి రెండు చేతులతో లాగి పట్టుకుని, మా కుర్రాడిని పక్క నుంచి టార్చి వేయమన్నాను. పళ్ళ మధ్య లోయకీ పుల్లీ పన్ను కొసకీ మధ్య సన్నటి వెలుగు గీత. పుల్లీకి నీలం రంగు రాసి మళ్ళీ చుట్టి తీస్తే, రంగు పన్ను పక్కలకి అంటలేదు, కొస మీద మాత్రమే చుక్కలుగా అంటింది. ఈ పుల్లీలు ఎస్8ఎం రకం, పన్ను ఎత్తు 3 మి.మీ. పైచిలుకు. ఆ బెల్ట్ హెచ్‌టీడీ రకం, పన్ను ఎత్తు దాదాపు 3.4. రెండింటికీ పిచ్ 8 మి.మీ. కావడంతో ఎన్ని పళ్ళు లెక్కపెట్టినా తేడా దొరకదు. పిచ్ తేడా ఉంటే, ఉదాహరణకి 8కి బదులు 9.525 అయితే, నాలుగైదు పళ్ళలోనే బయటపడుతుంది. ప్రొఫైల్ (పన్ను ఆకారం) తేడా అలా పట్టుబడదు. చేత్తో తిప్పితే తిరుగుతుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కొన్నాళ్ళు నడుస్తుంది కూడా. పన్ను కొస మీద బరువు మోస్తూ మోస్తూ వేరు దగ్గర చిట్లుతుంది. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లని తాకే ఇంజిన్ ఇది, హెడ్ పోతుంది. ఆ బెల్ట్ పక్కన పెట్టేశాను.

రెండోదానికి ప్రొఫైల్ సరైనదే గానీ వెడల్పు 22. ఓనర్ దీన్నే వేసేయమన్నాడు. బెల్ట్ మోయగలిగే బరువు దాదాపు వెడల్పుని బట్టే ఉంటుంది, ఇక్కడ ఎనిమిదో వంతు తగ్గుతోంది. ఈ హెడ్‌లో వేసినవి మామూలు కంటే గట్టి వాల్వ్ స్ప్రింగులు. మోయాల్సింది పెంచి, మోసేదాన్ని తగ్గించడానికి నాకు మనసొప్పలేదు. వెడల్పు బెల్టుని తెచ్చి బ్లేడుతో సన్నగా కోసి వాడేవాళ్ళనీ చూశాను. కోసిన అంచున గాజు పోగులు బయటికి వచ్చి, ఆయిల్ తడి, దుమ్ము తగిలి అక్కడి నుంచి విడిపోవడం మొదలవుతుంది. ఆ పని నేను చేయను.

అప్పుడు మళ్ళీ 144 వైపు చూశాను. సరైన ప్రొఫైల్, సరైన వెడల్పు, ఎక్కువ వేడి తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు, మూడూ ఉన్న బెల్ట్ 144 పళ్ళలో ఉంది. ముందు కట్టినవాడు తెచ్చిందీ ఆ సైజే. బెల్ట్ ఎంపికలో అతను తప్పు చేయలేదు. మిగిలిపోయిన 6.3 మి.మీ.ని ఎక్కడ దాచాలన్నది చూడకుండా టెన్షనర్ నెత్తిన వేశాడు. ఈ టెన్షనర్ మధ్య నుంచి ఒక పక్కకి తినగలిగేది 4 మి.మీ. మాత్రమే. అందుకే ముల్లు చివరికి చేరింది, బెల్ట్ ఊగింది, పన్ను దూకింది.

మరో రోలర్

పెద్ద బ్లాక్ ముందు వైపు, వదులు వైపు బెల్ట్ నడిచే దారికి దగ్గరలో, వాడకుండా వదిలేసిన మరలున్న బాస్ (బోల్టు బిగించే దిమ్మ) ఒకటి ఉంది. సింగిల్ క్యామ్ రోజుల్లో దానికి ఒక రోలర్ ఉండేది. అక్కడ నున్నటి ఐడ్లర్ రోలర్ ఒకటి పెట్టి బెల్ట్ వీపుని లోపలికి నొక్కితే ఆ 6.3 మి.మీ. అక్కడే ఖర్చవుతుంది.

ఎంత లోపలికి నొక్కాలి? అక్కడ బెల్ట్ ఆనే రెండు చోట్ల మధ్య దూరం 160 మి.మీ. మధ్యలో నొక్కితే లెక్క ప్రకారం దాదాపు 23 మి.మీ. రోలర్ కొసలాంటిది కాదు, దానికీ మందం ఉంది కాబట్టి కొంచెం తక్కువే చాలు. కోసిన బెల్టుని మళ్ళీ చుట్టి, రోలర్‌ని చేత్తో పట్టుకుని జరుపుతూ కొసలు సరిగ్గా కలిసే చోటు చూస్తే 21 దగ్గర దొరికింది. 145 పళ్ళది కూడా ఆలోచించాను గానీ దానికి 14 మి.మీ. పైగా మింగాలి. రోలర్ అంత లోపలికి వెళ్తే బెల్ట్ రెండు వైపులూ ఒకదానికొకటి మరీ దగ్గరవుతాయి.

బాస్ సరిగ్గా కావలసిన చోట లేదు, 11 మి.మీ. పక్కకి ఉంది. 8 మి.మీ. ఉక్కు పలకతో చిన్న బ్రాకెట్ చేసి, బాస్‌కి ఒక బోల్టు, పక్కనున్న వాటర్ పంప్ బోల్టు కింద ఇంకొకటి, అలా రెండు చోట్ల పట్టించాను. ఒక్క బోల్టు మీద వేలాడే బ్రాకెట్ తిరిగిపోవడానికి చూస్తుంది. రోలర్ 60 మి.మీ. వ్యాసం. చిన్న రోలర్ పెడితే చోటు కలిసొచ్చేది గానీ బెల్ట్ వెనక్కి ఎక్కువ వంగి గాజు పోగులు అలసిపోతాయి. దీంతో అనుకోని లాభం ఒకటి వచ్చింది. క్రాంక్ పుల్లీని పట్టుకునే పళ్ళు 10 నుంచి 11 అయ్యాయి. పన్ను దూకేది సాధారణంగా ఆ పుల్లీ మీదే కాబట్టి నాకు ఇది చాలా నచ్చింది.

మొదటిసారి చేత్తో తిప్పినప్పుడు బెల్ట్ మెల్లగా ముందుకి, కవర్ వైపు పాకింది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే కొత్త రోలర్ ముఖం ఒక పక్కకి వాలి ఉంది. బ్రాకెట్ కింద ఒక మూల 0.5 మి.మీ. షిమ్ (పలచటి రేకు) వేశాక పాకడం ఆగింది.

144తో నాకున్న ఒకే అసంతృప్తి చెప్పాలి. 144ని 24తో భాగిస్తే సరిగ్గా 6. అంటే ప్రతి ఆరు చుట్లకీ అదే బెల్ట్ పన్ను అదే క్రాంక్ గాడిలోకి వస్తుంది. పుల్లీలో ఒక గాడికి చిన్న గాటు ఉన్నా అది ఎప్పుడూ అవే ఆరు పళ్ళని కొరుకుతుంది. 143కీ 24కీ అయితే ఉమ్మడి కారణాంకమే లేదు, అరుగుదల బెల్ట్ అంతా పంచుకునేది. కాబట్టి క్రాంక్ పుల్లీని గాడి గాడికీ గోరు పెట్టి తడిమి చూశాను. ఒక చోట చిన్న గరుకు తగిలితే పుల్లీనే మార్చాను. ఇదే లెక్కలో ఒక సౌకర్యం కూడా ఉంది. బెల్ట్ మీద పెట్టిన పెయింట్ చుక్కలు ఆరు చుట్లకి మళ్ళీ మార్కుల ముందుకి వచ్చి నిలబడతాయి, చూసుకోవడం తేలిక.

బిగించాక

ఆరు చుట్లు చేత్తో తిప్పాను. చుక్కలు కలిశాయి. డిగ్రీ వీల్ మీద పుల్లీలు సున్నా దగ్గర ఉన్నప్పుడు 115.5. లెక్క 115 చెప్పింది. అర డిగ్రీ తేడా నాకు ఫర్వాలేదు, దిద్దాల్సింది లెక్కని బట్టి కాదు వీల్‌ని బట్టి. పుల్లీలు తిప్పి 110కి తెచ్చి బోల్టులు బిగించి మళ్ళీ చూశాను. బిగించేటప్పుడు పుల్లీ కాస్త జరగడం మామూలే, ఇక్కడ రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

హెడ్ పూర్తిగా మూసే ముందే పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి వాల్వ్ ఖాళీ కొలిచి ఉంచాను. ఇన్‌టేక్ 2.6, ఎగ్జాస్ట్ 3.1 మి.మీ. ఇన్‌టేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 కంటే తగ్గితే నేను ముందుకి వెళ్ళను. పన్ను దూకి 20 డిగ్రీలు వెనకబడి నడిచిన రోజుల్లో ఎగ్జాస్ట్ వాల్వులు పిస్టన్లకి ఎంత దగ్గరగా వచ్చి ఉంటాయో ఓనర్‌కి ఆ క్లే ముద్ద చూపించే చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు పాపం.

కంప్రెషన్ నాలుగింటిలోనూ 11.9, 12.1 మధ్య. కొత్త రింగుల డబ్బా సీలు తీయకుండానే వెనక్కి తీసుకెళ్ళాడు.

టెన్షన్ గురించి ఒక మాట. చిన్న ఇంజిన్ అల్యూమినియం బ్లాక్ వేడెక్కితే ఎక్కువ సాగి బెల్టుని తనే కొంత బిగిస్తుంది. ఇనుము అందులో దాదాపు సగమే సాగుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పటి టెన్షన్‌ని అల్యూమినియం ఇంజిన్ పుస్తకంలో చూసి కింది హద్దులో పెడితే, వేడి మీద ఇక్కడ వదులుగా తేలుతుంది. ముల్లుని అనుమతించిన హద్దులో పై గీతకి దగ్గరగా పెట్టి, ఇంజిన్‌ని పూర్తిగా వేడెక్కించి ఒకసారి, చల్లారాక ఒకసారి చూశాను. రెండుసార్లూ గీతల మధ్యే ఉంది.

1,000 కి.మీ. తర్వాత కవర్ తీయించాను. పొడి లేదు, చార లేదు, అంచులు శుభ్రంగా ఉన్నాయి, ముల్లు పెట్టిన చోటే ఉంది. ఆరు చుట్ల సంగతి మనసులో పెట్టుకుని, ఈ బెల్టుని చిన్న ఇంజిన్‌కి చెప్పిన దూరంలో సగానికే మార్చమని ఓనర్‌కి చెప్పాను. కవర్ లోపలి వైపు తెల్ల పెయింట్‌తో రాసి పెట్టాను: 144 పళ్ళు, ఎస్8ఎం, 25 మి.మీ., బిగుతు వైపు 43, హెడ్ ఎత్తు +13.6, హెడ్ మళ్ళీ ఫేసింగ్ చేస్తే క్యామ్‌లు తిరిగి చూడాలి.